ఎక్సోజోమ్‌లు: క్యాన్సర్‌ను పాకించే సంచులే రేపు మందు మోస్తాయా?

క్లుప్తంగా

మన ఒంట్లో దాదాపు ప్రతి కణమూ కొవ్వు పొర చుట్టిన అతి చిన్న సంచులను బయటికి వదులుతుంది. వీటిని వెసికిల్స్ అంటారు. ఎక్సోజోమ్‌లు వాటిలో ఒక రకం. క్యాన్సర్ గడ్డ ఈ సంచుల సాయంతో చుట్టుపక్కల కణాలను తన వైపు తిప్పుకుంటుంది, దూరపు అవయవాల్లో చోటు చేసుకుంటుంది, మందుల దెబ్బ కాచుకుంటుంది. ఇవే సంచులను రక్తంలోనో మూత్రంలోనో పట్టుకుని జబ్బు జాడ తీసే పరీక్షలు వాడకంలోకి రావడం మొదలైంది. వీటితో చేసే వైద్యం మాత్రం ఇంకా ప్రయోగాల దశ దాటలేదు.

ఈ మాట ఇప్పుడు ఎందుకు వినిపిస్తోంది

2025 మార్చిలో తూర్పుగోదావరి జిల్లా బిక్కవోలు మండలం బలభద్రపురం పేరు రాష్ట్రమంతా మారుమోగింది. ఒకే ఊళ్లో క్యాన్సర్ కేసులు ఎక్కువగా ఉన్నాయన్న సంగతి బయటికి రావడంతో వైద్య సిబ్బంది ఇంటింటికీ తిరిగి పరీక్షలు చేశారు. నీళ్లా, గాలా, పురుగుమందులా, పొగాకా అన్న చర్చ గోదావరి డెల్టా ఊళ్లలో గట్టిగానే నడిచింది. ఇలాంటి సమయాల్లో జనం ఫోన్లలో క్యాన్సర్ గురించి వెతుకుతారు. వెతికినప్పుడు ఎదురయ్యే కొత్త మాటల్లో ఎక్సోజోమ్ ఒకటి. ఒకచోట అది క్యాన్సర్‌ను ఒళ్లంతా పాకించేదని ఉంటుంది. ఇంకోచోట, నగరాల్లోని చర్మం, జుట్టు క్లినిక్‌ల ప్రకటనల్లో, అదే ఎక్సోజోమ్‌ను కణాలకు కొత్త ఊపిరి పోసే సూదిగా చూపిస్తారు. ఇంట్లో రోగి ఉన్నవాళ్లకు ఈ రెండూ ఒకేసారి కనిపిస్తే టెన్షన్ పెరగడం సహజం.

ఈ రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది, రెండిటిలోనూ కొంత దాపరికం ఉంది. సంచి ఒకటే అయినా దాన్ని ఏ కణం వదిలింది, లోపల ఏం పెట్టి వదిలింది అన్నదాన్ని బట్టి అది చేసే పని మారిపోతుంది. ఒక విధానం అర్థం కావడానికీ, దాన్నుంచి మందు తయారై రోగి చేతికి రావడానికీ మధ్య ఎంత దూరం ఉంటుందో చూపడానికి వెసికిల్స్ కంటే మంచి ఉదాహరణ తక్కువ.

ఒక సంగతి ముందే విడదీసి పెట్టుకోవాలి. ఒక ఊళ్లో కేసులు ఎందుకు పెరిగాయన్న ప్రశ్నకు వెసికిల్స్ జవాబు చెప్పవు. దాన్ని నీటి పరీక్షలు, గాలి పరీక్షలు, పొగాకు వాడకం, జనాభా వయసు, ఆసుపత్రి రికార్డులు అన్నీ పక్కపక్కన పెట్టి తేల్చాలి. వెసికిల్స్ పాత్ర ప్రధానంగా గడ్డ మొలిచిన తర్వాతది: అది ఎలా నిలదొక్కుకుంటుంది, ఎలా పాకుతుంది అన్నది.

ఎంత చిన్నవి, ఎలా పుడతాయి

ఎక్సోజోమ్ సైజు సుమారు 30 నుంచి 150 నానోమీటర్లు. ఎర్ర రక్తకణం వెడల్పు ఏడెనిమిది వేల నానోమీటర్లు. మామూలు మైక్రోస్కోపులో 200 నానోమీటర్ల కంటే చిన్నవి విడివిడిగా ఆనవు. అందుకే ఊళ్లోని ల్యాబ్‌లో స్లయిడ్ మీద వీటిని చూడటం కుదరదు, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కావాలి.

కణం తన పై పొరలో కొంత భాగాన్ని లోపలికి లాక్కుని ఒక గదిలా కట్టుకుంటుంది. ఆ గది గోడ మళ్లీ లోపలికి బుడగలు బుడగలుగా తెగుతుంది. తర్వాత ఆ గది కణం అంచుకు చేరి, పై పొరకు అతుక్కుని, బుడగలన్నిటినీ బయటికి గుమ్మరిస్తుంది. ఇలా వచ్చినవి ఎక్సోజోమ్‌లు. ఈ తతంగమంతా లేకుండా కణం పై పొరే నేరుగా ఉబ్బి తెగిపడితే మైక్రోవెసికిల్స్ అంటారు, ఇవి 100 నుంచి 1000 నానోమీటర్ల దాకా ఉంటాయి. చనిపోతున్న కణం ముక్కలైనప్పుడు వచ్చే సంచులు ఇంకా పెద్దవి. ఒకసారి బయటపడ్డాక ఏది ఏ దారిన వచ్చిందో చెప్పడం ల్యాబ్‌లకు కూడా కష్టమే. ‘నూటికి నూరుపాళ్లు ఎక్సోజోమ్’ అని రాసున్న సీసాను ఆ కారణంగానే అనుమానంగా చూడాలి.

సంచి లోపల ప్రొటీన్లు, కొవ్వులు, ఆర్‌ఎన్‌ఏ ముక్కలు, కొన్నిసార్లు డీఎన్‌ఏ ఉంటాయి. పైన మాతృకణం మీదున్న ప్రొటీన్లే ఉంటాయి. అంటే ఎవరు పంపారో తెలిపే గుర్తు పైన, ఏం చేయాలో తెలిపే సరుకు లోపల. వీటిని పట్టుకునే పరీక్షలకైనా, వీటితో చేయాలనుకునే వైద్యానికైనా ఈ ఒక్క లక్షణమే ఆధారం. రక్తం, మూత్రం, లాలాజలం, తల్లిపాలు, జబ్బు ముదిరినప్పుడు పొట్టలో చేరే నీరు, అన్నిటిలోనూ ఇవి ఉంటాయి. ఆరోగ్యవంతుల్లోనూ కోట్లలో ఉంటాయి. కాబట్టి ఎక్సోజోమ్ ఉండటం జబ్బు కాదు.

చెత్త అనుకున్న రోజులు

1967లో పీటర్ వుల్ఫ్ ప్లేట్‌లెట్ల నుంచి రాలే సూక్ష్మ కణికలను గమనించి వాటిని ‘ప్లేట్‌లెట్ ధూళి’ అన్నారు. 1983లో రెండు బృందాలు విడివిడిగా, ఇంకా ముదరని ఎర్ర రక్తకణాలు తమకు అక్కర్లేని ఒక ప్రొటీన్‌ను చిన్న సంచుల్లో పెట్టి బయట పారేయడం చూశాయి. కెనడాలో రోజ్ జాన్‌స్టోన్ బృందం 1987లో వాటికి ఎక్సోజోమ్ అన్న పేరు స్థిరపరిచింది. అప్పటికి ఇది కణం చెత్త పారబోసుకునే పద్ధతి అనే అందరి అభిప్రాయం.

1996లో గ్రాసా రపోసో తదితరులు రోగనిరోధక కణాలు వదిలే ఎక్సోజోమ్‌లు ఇతర కణాలను మేల్కొలపగలవని చూపించడంతో ఆలోచన మారింది. 2007లో స్వీడన్ పరిశోధకులు ఈ సంచుల్లో ఆర్‌ఎన్‌ఏ ఉందనీ, అది మరో కణంలోకి వెళ్లి అక్కడ ప్రొటీన్ తయారు చేయించగలదనీ రుజువు చేశారు. ఇక్కడి నుంచి క్యాన్సర్ పరిశోధకుల చూపు ఇటు తిరిగింది. కణాలు ఇలా సరుకు పంపుకుంటున్నాయంటే, నిమిషం తీరిక లేకుండా పెరిగే క్యాన్సర్ కణం ఊరికే ఉండదు కదా.

ఊడ్పులకు ముందే దమ్ము

క్యాన్సర్ ఎక్కడపడితే అక్కడికి పాకదు. రొమ్ము క్యాన్సర్ ఎముకలకు, ఊపిరితిత్తులకు, కాలేయానికి, మెదడుకు ఎక్కువగా వెళుతుంది. క్లోమం క్యాన్సర్ ముందు కాలేయాన్ని పట్టుకుంటుంది. 1889లోనే లండన్ సర్జన్ స్టీఫెన్ పేజెట్ దీన్ని గమనించి, క్యాన్సర్ కణం గింజ అయితే అది మొలిచే అవయవం నేల అనీ, నేల నప్పితేనే గింజ మొలుస్తుందనీ వాదించారు. ఆ నేల ఎలా నప్పుతుందన్నది వందేళ్లకు పైగా తేలలేదు.

వెసికిల్స్ ఇచ్చిన జవాబు డెల్టా రైతుకు ఇట్టే అర్థమవుతుంది. ఆకుమడిలోంచి నారు పీకకముందే చేలో నీళ్లు పెట్టి దమ్ము చేస్తారు. ఊడ్చే రోజుకి నేల మెత్తబడి సిద్ధంగా ఉంటుంది. క్యాన్సర్ గడ్డ చేసేదీ ఇదే వరస: కణాలు బయల్దేరకముందే సంచులు వెళ్లి దూరపు అవయవాన్ని తయారుచేసి పెడతాయి.

దీనికి క్లోమం క్యాన్సర్‌లో దొరికిన ఆధారం దగ్గరగా చూడదగ్గది. డేవిడ్ లైడెన్ బృందం 2015లో ప్రచురించిన పరిశోధనలో ఎలుకల్లో ఒక్కో మెట్టూ ఇలా కనిపించింది. క్లోమంలోని గడ్డ వదిలిన ఎక్సోజోమ్‌లను కాలేయంలో కాపలా కాసే కుఫర్ కణాలు మింగాయి. మింగిన కణాలు టీజీఎఫ్-బీటా అనే సంకేత ప్రొటీన్‌ను ఎక్కువగా విడుదల చేశాయి. దానికి స్పందించి పక్కనున్న మరో రకం కణాలు ఫైబ్రోనెక్టిన్ అనే జిగురులాంటి ప్రొటీన్‌ను పరిచాయి. ఆ జిగురుకు ఎముక మజ్జ నుంచి వచ్చిన కణాలు అంటుకుని అక్కడే స్థిరపడ్డాయి. ఇంత జరిగేసరికి కాలేయంలో ఒక్క క్యాన్సర్ కణం కూడా లేదు. తర్వాత వచ్చినవి మాత్రం సులువుగా నాటుకున్నాయి. ఈ వరసను మొదలుపెట్టింది ఎక్సోజోమ్‌లో ఉన్న ఎంఐఎఫ్ అనే ప్రొటీన్. దాన్ని అడ్డుకుంటే దమ్ము ఆగింది. మనుషుల రక్త నమూనాలు చూస్తే, మొదటి స్టేజిలో ఉండి తర్వాత కాలేయానికి పాకినవారి ఎక్సోజోమ్‌లలో ఎంఐఎఫ్ ముందు నుంచే ఎక్కువగా ఉంది.

అదే సంవత్సరం ఆ బృందమే ఇంకో ప్రశ్న తీసుకుంది. సంచులకు దారి ఎవరు చెబుతారు? వాటి పైన ఉండే ఇంటెగ్రిన్ అనే అతుకుడు ప్రొటీన్లలో తేడా కనిపించింది. ఆల్ఫా-6 బీటా-4, ఆల్ఫా-6 బీటా-1 రకాలున్న సంచులు ఊపిరితిత్తులకు, ఆల్ఫా-వి బీటా-5 ఉన్నవి కాలేయానికి చేరాయి. మామూలుగా ఎముకలకు పాకే క్యాన్సర్ కణాలున్న ఎలుకలకు, ఊపిరితిత్తులను వెతుక్కునే ఎక్సోజోమ్‌లను ముందుగా ఎక్కిస్తే, ఆ కణాలు ఊపిరితిత్తుల్లో నాటుకున్నాయి. గింజ మారలేదు, నేల తయారీ మారింది, అంతే. పేజెట్ ఊహకు ఇంతకంటే సూటి రుజువు దొరకడం కష్టం.

గడ్డ ఉన్నచోట కూడా సంచులకు పని తక్కువ కాదు. గడ్డ లోపల ఆక్సిజన్ తగ్గినప్పుడు కణాలు మరిన్ని సంచులు వదులుతాయి. అవి కొత్త రక్తనాళాలు మొలిచేలా చేస్తాయి, చుట్టూ ఉన్న మామూలు కణాలను గడ్డకు కాపుదారులుగా మారుస్తాయి. కొన్ని రకాల సంచులు పైన రక్తం గడ్డకట్టించే ప్రొటీన్‌ను మోస్తాయి. క్లోమం క్యాన్సర్ ఉన్నవారిలో ఒక కాలు ఉన్నట్టుండి వాచి, నరంలో రక్తం గడ్డకట్టిందని తేలడం వైద్యులు తరచూ చూసేదే. దాని కారణాల్లో ఈ సంచులు ఒకటి.

ఇంతటి శక్తి ఉన్నా ఇవి ఒకరి నుంచి ఒకరికి క్యాన్సర్‌ను అంటించవు. రోగి లాలాజలంలో సంచులున్నాయని విడిగా కంచం, గ్లాసు పెట్టడానికి ఏ ఆధారమూ లేదు. అలా పెట్టి బాధపెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి కాబట్టే ఈ మాట చెప్పాల్సి వస్తోంది.

మందుకు అడ్డుపడే దారి

హెర్‌-2 రకం రొమ్ము క్యాన్సర్‌కు ట్రాస్టుజుమాబ్ అనే ఇంజెక్షన్ వాడతారు. అది క్యాన్సర్ కణం మీదున్న హెర్‌-2 ప్రొటీన్‌ను పట్టుకుని పనిచేస్తుంది. ఆ కణం వదిలిన ఎక్సోజోమ్‌ల మీద కూడా అదే ప్రొటీన్ ఉంటుంది. ల్యాబ్ పరిశోధనల్లో మందు కొంత ఈ సంచులకే అంటుకుపోయి, అసలు కణం దాకా చేరేది తగ్గినట్టు కనిపించింది.

రోగనిరోధక శక్తినే గడ్డ మీదికి ఉసిగొల్పే ఇమ్యునోథెరపీ విషయంలో ఆధారం ఇంకా బలంగా ఉంది. క్యాన్సర్ కణం తన మీద పీడీ-ఎల్1 అనే ప్రొటీన్‌ను నిలబెట్టి, దాడికి వచ్చిన టీ-కణం అనే రోగనిరోధక కణాన్ని నిద్రపుచ్చుతుంది. 2018లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు, మెలనోమా అనే చర్మ క్యాన్సర్ కణాలు పీడీ-ఎల్1ను ఎక్సోజోమ్‌ల మీద పెట్టి రక్తంలోకి వదులుతున్నాయని చూపించారు. అంటే టీ-కణం గడ్డ దగ్గరికి చేరకముందే దారిలో అడ్డు. చికిత్సకు ముందే ఈ సంచులు బాగా ఎక్కువగా ఉన్న రోగుల్లో మందు సరిగా పనిచేయలేదు. చికిత్స మొదలైన తొలి వారాల్లో ఇవి పెరిగినవారిలో మాత్రం మందు పట్టింది. రోగనిరోధక శక్తి గట్టిగా కొడుతుంటే గడ్డ మరిన్ని అడ్డుకట్టలు వేస్తోందన్నమాట. ఒకే కొలత చికిత్సకు ముందు ఒక అర్థం, తర్వాత ఇంకో అర్థం ఇస్తుంది. ఒక్కసారి చేసిన రక్తపరీక్షలోని అంకె చూసి తీర్పు చెప్పడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి తెలుస్తుంది.

సులువుగా వక్రీకరించగల ఫలితం ఇంకొకటి ఉంది. 2019లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, రొమ్ము క్యాన్సర్ ఉన్న ఎలుకలకు కొన్ని కీమో మందులు ఇచ్చినప్పుడు గడ్డ వదిలిన సంచులు ఊపిరితిత్తులను నాటుకు సిద్ధం చేసే గుణాన్ని పెంచుకున్నాయి. ‘కీమోనే క్యాన్సర్‌ను పాకిస్తుంది’ అని ఎవరైనా రాస్తే దాని మూలం ఇలాంటిదే అయి ఉంటుంది. పరిశోధకులు అడిగిన ప్రశ్న వేరు: కీమోతో పాటు ఈ దారిని కూడా మూయగలిగితే ఫలితం ఇంకా బాగుంటుందా అని. కీమో ప్రాణాలు నిలుపుతుందన్నది వేలమంది మనుషుల మీద జరిగిన పరీక్షల్లో తేలిన విషయం. ఎలుకల్లో కనిపించిన ఒక మెట్టు చూసి మూడో సైకిల్‌లో మానేయడం పొరపాటు.

పరీక్షగా: ఇక్కడే ముందడుగు

ముక్క పరీక్ష (బయాప్సీ) అంటే డెల్టాలో ఇప్పటికీ భయమే. ముక్క తీస్తే పాకుతుందన్న నమ్మకంతో నెలల తరబడి నాటుమందుల చుట్టూ తిరిగి, నాలుగో స్టేజిలో ఆసుపత్రికి చేరేవాళ్లున్నారు. నిజానికి ముక్క తీసిన సూది దారి వెంట కణాలు చేరడం చాలా అరుదు. ఆ ముక్క లేకుండా ఏ రకం క్యాన్సరో, ఏ మందు పనిచేస్తుందో తెలియదు. రక్తంలోనో మూత్రంలోనో ఉన్న సంచుల్ని పట్టుకుని అదే సమాచారం లాగగలిగితే ఈ భయానికి కొంత విరుగుడు దొరుకుతుంది. ఆశ అదే.

ఇందులో బాగా ముందుకెళ్లింది ప్రొస్టేట్ (మగవారిలో మూత్రాశయం కింద ఉండే గ్రంథి) పరీక్ష. వయసు యాభై దాటిన మగవారికి పీఎస్ఏ అనే రక్తపరీక్ష చేస్తే చాలామందికి 2 నుంచి 10 మధ్య అంకె వస్తుంది. అది క్యాన్సరో, వయసుతో వచ్చే వాపో చెప్పలేని చోటు. గొంతులో వెలక్కాయ పడ్డట్టే: ముక్క తీయించాలా వద్దా? అమెరికాలో వాడుకలో ఉన్న ఎక్సోడీఎక్స్ ప్రొస్టేట్ అనే పరీక్ష మూత్రంలోని ఎక్సోజోమ్‌లలో మూడు జన్యువుల ఆర్‌ఎన్‌ఏను కొలుస్తుంది. స్కోరు 15.6 కంటే తక్కువైతే ముదురు రకం క్యాన్సర్ ఉండే అవకాశం తక్కువని లెక్క. ఇది క్యాన్సర్ ఉందని తేల్చే పరీక్ష కాదు, అక్కర్లేని ముక్క పరీక్షలను తగ్గించడానికి సాయపడేది మాత్రమే.

ఇలాంటి పరీక్షల్లో వాడే పీసీఆర్ డెల్టాకు కొత్త కాదు. భీమవరం చుట్టుపక్కల రొయ్యల రైతులకు పీసీఆర్ అన్న మాట కోవిడ్ కంటే ముందే తెలుసు. తెల్లమచ్చ వైరస్ లేదని పీసీఆర్ రిపోర్టు చూసుకుని సీడ్ తెచ్చుకోవడం వాళ్లకు అలవాటే. యంత్రం దాదాపు అదే. కష్టమంతా యంత్రంలో పెట్టే ముందు ఉంది. వైరస్ పరీక్షలో వెతికేది రొయ్యకు పరాయిదైన జన్యు పదార్థం. ఇక్కడ గడ్డ వదిలిన సంచీ, ఆరోగ్యకరమైన కణం వదిలిన సంచీ ఒకే మనిషివి. పైగా రక్తంలోని వెసికిల్స్‌లో ఎక్కువ భాగం రక్తకణాలు, ప్లేట్‌లెట్లు వదిలినవే. వీటికి తోడు కొలెస్ట్రాల్‌ను మోసే కణికలు కొన్ని ఇదే సైజులో, వెసికిల్స్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటాయి. ఊక కుప్పలో గింజను ఏరాలి.

ఈ కష్టం ఎంతటిదో చెప్పే ఉదంతం క్లోమం క్యాన్సర్‌లోనే ఉంది. 2015లో ఒక ప్రముఖ పరిశోధన గ్లిపికాన్-1 అనే ప్రొటీన్ ఉన్న ఎక్సోజోమ్‌లను కొలిస్తే క్లోమం క్యాన్సర్‌ను తొలి దశలోనే దాదాపు తప్పు లేకుండా పట్టవచ్చని చెప్పింది. మొదటి నుంచీ గుట్టుగా పెరిగి, బయటపడేసరికి చేయిదాటిపోయే జబ్బు కాబట్టి ప్రపంచమంతా ఆశపడింది. తర్వాత వేరే ల్యాబ్‌లు చేసి చూస్తే ఆ స్థాయి కచ్చితత్వం రాలేదు. సంచులను వేరుచేసే పద్ధతి మారితే ఫలితమూ మారుతోందని అర్థమైంది. అందుకే అంతర్జాతీయ వెసికిల్స్ సంఘం 2014లో, 2018లో, మళ్లీ 2023లో ఏ పరిశోధన ఏయే వివరాలు చెప్పి తీరాలో నిబంధనలు రాసింది. ఒకే రంగంలో పదేళ్లలో మూడుసార్లు నియమాలు దిద్దుకోవాల్సి రావడం ఆ రంగం నిజాయితీగా పనిచేస్తోందనడానికీ, ఇంకా కుదురుకోలేదనడానికీ కూడా గుర్తు.

మందుగా: ఆశ ఎక్కువ, ఫలితం ఇంకా తక్కువ

వైద్యంలో మూడు దారులు నడుస్తున్నాయి. మొదటిది గడ్డ వదిలే సంచులను ఆపడం. ల్యాబ్‌లో ఆపగల రసాయనాలున్నాయి. కానీ ఆరోగ్యకరమైన కణాలకూ ఈ సంచులు కావాలి కదా. క్యాన్సర్‌వి మాత్రమే ఆపడం ఎలాగో ఇంకా తేలలేదు.

రెండోది టీకా దారి. రోగనిరోధక వ్యవస్థకు శత్రువును చూపించే డెండ్రిటిక్ కణాల నుంచి ఎక్సోజోమ్‌లు తీసి, వాటికి క్యాన్సర్ గుర్తులు తగిలించి రోగికి ఎక్కించడం. 2005లో వచ్చిన తొలి రెండు చిన్న పరీక్షలు దీన్ని సురక్షితమని తేల్చాయి. 2016లో ఫ్రాన్స్ నుంచి ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల మీద రెండో దశ ఫలితం వచ్చింది. రోగులు 22 మంది. నాలుగు నెలల తర్వాత కనీసం సగం మందిలో జబ్బు ముదరకుండా ఉండాలన్నది పెట్టుకున్న లక్ష్యం. ఉన్నది 32 శాతం మందిలోనే. లక్ష్యం అందలేదు. కొందరిలో ఒక రకం రోగనిరోధక కణాలు చురుకైన మాట నిజమే, కానీ అది చికిత్స అనిపించుకోవడానికి చాలదు.

మూడోది సంచులతో మందు మోయించే దారి, ఎక్కువ ఆశ దీని మీదే. క్లోమం క్యాన్సర్లలో 90 శాతానికి పైగా కేఆర్‌ఏఎస్ అనే జన్యువులో మార్పు ఉంటుంది. ఆ మార్పుల్లో తరచుగా కనిపించే జీ12డీ రకాన్ని నొక్కేసే ఆర్‌ఎన్‌ఏ ముక్కను ఎక్సోజోమ్‌లో నింపి పంపితే ఎలుకల ఆయుష్షు పెరిగిందని రఘు కల్లూరి బృందం 2017లో చూపించింది. తయారుచేసిన కొవ్వు బుడగల కంటే ఎక్సోజోమ్‌లు మెరుగ్గా పనిచేశాయి. ఒక కారణం వాటి మీదున్న సీడీ47 అనే ప్రొటీన్, అది మింగేసే కణాలకు ‘నన్ను తినొద్దు’ అన్న సంకేతం ఇస్తుంది. అమెరికాలో హ్యూస్టన్‌లోని ఎండీ యాండర్సన్ క్యాన్సర్ సెంటర్‌లో మనుషుల మీద మొదటి దశ పరీక్ష దీని ఆధారంగానే మొదలైంది. మొదటి దశ అంటే ప్రధానంగా డోసు ఎంత, హాని ఉందా అని చూడటం. జబ్బు తగ్గుతుందా అన్న ప్రశ్నకు పెద్ద పరీక్షలు వేరే కావాలి.

అడ్డంకి జీవశాస్త్రంలో ఎంత ఉందో ఫ్యాక్టరీలో అంత ఉంది. కోవిడ్ ఎంఆర్‌ఎన్‌ఏ టీకాలు మోసినవీ దాదాపు వంద నానోమీటర్ల కొవ్వు బుడగలే. కానీ అవి కృత్రిమంగా ఒకే కొలతలో తయారైనవి, బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ తేడా తక్కువ. ఎక్సోజోమ్‌ను బతికున్న కణం తయారుచేస్తుంది. కణానికి ఆకలైనా, వేడెక్కినా, వయసు మీరినా సంచిలో సరుకు మారిపోతుంది. పైగా రక్తంలోకి ఎక్కించిన సంచుల్లో ఎక్కువ భాగాన్ని కాలేయం, ప్లీహం కొద్దిసేపట్లోనే లాగేసుకుంటాయని జంతువుల్లో తేలింది. ఎక్సోజోమ్‌లతో క్యాన్సర్ మందులు చేయడానికి పుట్టిన పేరున్న అమెరికా కంపెనీ కోడియాక్ బయోసైన్సెస్ 2023లో దివాలా పిటిషన్ వేసింది. విజ్ఞానం తప్పని కాదు, మందుగా నిలబెట్టడం అంత ఖరీదైన పని.

అల్లం, పంపరపనస లాంటి వాటి నుంచి తీసిన సంచుల మీద కూడా ఎలుకల్లో పరిశోధనలున్నాయి. వాటిని చూపించి ఏదో రసం తాగమనడం ఆ పరిశోధనలు చెప్పని మాట.

సూది అమ్ముతామంటే

2019 డిసెంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ప్రజలకు ఒక హెచ్చరిక జారీ చేసింది. నెబ్రాస్కాలో, ఎక్సోజోమ్‌లున్నాయని చెప్పి అమ్మిన ఆమోదం లేని ఉత్పత్తులు ఎక్కించుకున్నవారికి తీవ్రమైన హాని జరిగింది. ఏ జబ్బుకైనా సరే, తాము ఆమోదించిన ఎక్సోజోమ్ ఉత్పత్తి ఒక్కటీ లేదని ఆ సంస్థ అందులో స్పష్టంగా చెప్పింది.

క్యాన్సర్ రోగికి ఇందులో అదనపు చిక్కు ఉంది. ప్రకటనల్లోని ఎక్సోజోమ్‌లను ఎక్కువగా మూలకణాల నుంచి తీస్తారు. వాటిని అమ్మేదే కణాల పెరుగుదలను, కొత్త రక్తనాళాలను ప్రేరేపిస్తాయని చెప్పి. పెరగడమే జబ్బైన ఒంట్లోకి అలాంటి సరుకును కొలతా హామీ లేకుండా ఎక్కించడం ఏ వైద్య తర్కానికీ నిలవదు.

‘ఇది ట్రయల్’ అని ఎవరైనా అంటే అడగాల్సింది సీటీఆర్‌ఐ నంబరు. మన దేశంలో మందుల పరీక్షలను క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు చేయడం 2009 జూన్ నుంచి తప్పనిసరి. ఆ వివరాలు ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడవచ్చు. ట్రయల్‌లో చేరే రోగికి అర్థమయ్యే భాషలో అంగీకార పత్రం ఇవ్వాలి, పరీక్షలో ఉన్న మందుకు రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. పొలం తాకట్టు పెట్టమనే ట్రయల్ ట్రయల్ కాదు. రుజువైన ఆపరేషన్, కీమో, కరెంటు (రేడియేషన్) చికిత్సలకు రాజమహేంద్రవరం, కాకినాడలో దారి ఉంది, విశాఖలో టాటా మెమోరియల్ సంస్థ నడిపే హోమీభాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, ఎన్టీఆర్ వైద్యసేవ కింద చాలా క్యాన్సర్ చికిత్సలకు కవరేజీ ఉంది. ఆ డబ్బూ ఆ రోజులూ సూది వెంట పోతే వెనక్కి రావు.

డెల్టాకు ఏది ముందు చేరుతుంది

మందుల కంటే పరీక్షలే ముందు వస్తాయన్నది ఇప్పటిదాకా నడిచిన తీరును బట్టి వేయగల అంచనా. అందులోనూ రక్తం కంటే మూత్రం, లాలాజలం పరీక్షలకు ఇక్కడ వీలు ఎక్కువ. కారణం చాలా మామూలుది. ట్యూబులోకి తీసిన తర్వాత కూడా రక్తంలోని ప్లేట్‌లెట్లు బతికే ఉంటాయి, సంచులు వదులుతూనే ఉంటాయి. రాజోలులో ఉదయం తీసిన రక్తం సాయంత్రం దాకా కలెక్షన్ సెంటర్లో కూర్చుని, రాత్రి బండిలో కుదుపులకు లోనై, మర్నాడు హైదరాబాద్ ల్యాబ్‌కు చేరితే, అక్కడ లెక్కించే సంచుల్లో చాలా భాగం దారిలో పుట్టినవే. రక్తం తీసిన కొద్దిసేపట్లోనే సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి ప్లేట్‌లెట్లను వేరుచేసి, ఫ్రీజ్ చేసి పంపే ఏర్పాటు ఊరి స్థాయిలో ఉంటే తప్ప ఆ రిపోర్టుకు విలువ ఉండదు. మూత్రంలో ప్లేట్‌లెట్ల గొడవ లేదు. ప్రొస్టేట్ పరీక్షకు అమెరికాలో ఇంటి దగ్గరే నమూనా తీసి పంపే కిట్లు రావడానికి అదే వీలు కల్పించింది.

లాలాజలంలోని సంచులతో నోటి క్యాన్సర్‌ను పట్టే పరిశోధన కూడా నడుస్తోంది. లంక పొగాకు చుట్టలు, ఖైనీ, గుట్కా అలవాటున్న ఈ నేలకు అది పనికొచ్చే పరీక్షే అవుతుంది, రుజువైతే. నోటి క్యాన్సర్‌కు ఇప్పుడే ఉన్న పరీక్షకు టార్చిలైటు చాలు. రెండు మూడు వారాలైనా మానని పుండు, గోకినా పోని తెల్లమచ్చ, ఎర్రమచ్చ, నోరు పూర్తిగా తెరవలేకపోవడం, వీటిని ఏఎన్ఎం, ఆశా కార్యకర్త కూడా గుర్తుపట్టగలరు. ముప్పై ఏళ్లు దాటినవారికి విలేజ్ హెల్త్ క్లినిక్‌లో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం పరీక్షలు ఉచితం. అక్కడ అనుమానం వస్తే తర్వాతి మెట్టు ముక్క పరీక్షే.